ఏప్రిల్‌లో కాంటన్ ఫెయిర్‌కి వెళ్తన్నాం, మాండరిన్ నేర్చుకోవాలా క్యాంటనీసా?

లాంతర్ల_షాపు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర లైట్ల షాపు (అవును, మూడు లాంతర్ల దగ్గర లైట్ల షాపే, దీని మీద జోకులన్నీ అయిపోయాయి, కొత్తది ఉంటే చెప్పండి). ఇన్నాళ్లూ చెన్నై హోల్‌సేల్ వాళ్ల దగ్గరే సరుకు తెచ్చుకుంటన్నాం, ఈ ఏడు నేనూ మా బావా కలిసి చైనాలో గ్వాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్‌కి (పెద్ద వ్యాపార ప్రదర్శన) వెళ్దామని ఫిక్స్ అయిపోయాం. అక్టోబర్‌లో కూడా ఉంటాదట గాని అప్పుడు పైడితల్లమ్మ పండగ, దీపావళి, సీరియల్ లైట్లు అమ్ముకునే టైములో షాపు వదిలీసి చైనా వెళ్తానంటే మా నాన్న మళ్లీ గుమ్మం ఎక్కనివ్వడు. ఏప్రిల్‌లో ఆర్డరు పెడితే పండగల లోపు సరుకు ఓడలో వచ్చీసి ఉంటాది.

ప్లాను ఏటంటే గ్వాంగ్‌జౌలో నాలుగు రోజులు, అక్కణ్ణుంచి జోంగ్‌షాన్ పక్కన గుజెన్ అని ఊరు ఊరంతా లైట్ల షాపులేనట, అక్కడ రెండు రోజులు, ఆఖర్న హాంకాంగ్ మూడు రోజులు, ఇది బావ కోరిక.

ఇప్పుడు గొడవ భాష దగ్గర వచ్చింది. బావ 2019లో ఫ్రెండ్స్‌తో ఒకసారి వెళ్లొచ్చాడు, అప్పుడు ఒక ఇంటర్‌ప్రెటర్‌ని రోజుకింత అని మాట్లాడుకున్నారు, అతను షాపువాడితో పావుగంట మాట్లాడి వీళ్లకి రెండు ముక్కలు చెప్పేవాడట, బావేమో తలూపేవాడు. ఇంటికొచ్చాక తెలిసింది అటువైపు కూడా కమీషన్ తిన్నాడని. అందుకే ఈసారి కనీసం అంకెలు, రేటు అడగడం, తగ్గించమనడం మాకే రావాలని పట్టుదల. బావ అనేది ఏటంటే, కాంటన్ అంటే గ్వాంగ్‌జౌ, కాంటన్ వాళ్ల భాషే క్యాంటనీసు, హాంకాంగ్‌లో కూడా అదే, కాబట్టి రెండు ఊళ్లకీ ఒకే భాష సరిపోద్ది. నెట్‌లో చూస్తే అందరూ మాండరిన్ (చైనా అధికార భాష) మాండరిన్ అంటన్నారు. మూడు నెలలు టైముంది, షాపు కట్టీసాక రాత్రి ఒక గంట కూర్చోగలను, వయసు 41, బుర్ర ఎంతవరకు పనిచేస్తాదో తెలీదు. రెండిట్లో ఏది?

ఫోనుందిగా:
ట్రాన్స్‌లేటర్ యాప్ పెట్టుకో బ్రో, ఈ రోజుల్లో భాష నేర్చుకోవడం ఏటి, టైము వేస్టు.

చీపురుపల్లి_డాక్టరమ్మ:
పైన బ్రోకి ముందు చెప్తాను. చైనాలో గూగుల్ పనిచెయ్యదు, అక్కడి వైఫై ఎక్కితే మీ ట్రాన్స్‌లేటర్ తెల్లమొహం వేస్తాది. ఇక్కడి సిమ్ము రోమింగ్‌లో ఉంటే నడుస్తాది, లేకపోతే ఇక్కడే చైనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లాలి. మెనూ ఫొటో తీసి చదువుకోడానికి బానే ఉంటాది గాని బేరం ఆడేటప్పుడు ప్రతి ముక్కకీ ఫోను వాడి మొహం ముందు పెడితే ఆ బేరం ఎలగుంటాదో మీరే ఊహించుకోండి.

అన్నయ్యా, మాది చీపురుపల్లి, నేను వుహాన్‌లో ఎంబీబీఎస్ చదివాను, సెలవులకి గ్వాంగ్‌జౌ మీదుగా ఇంటికి వచ్చేదాన్ని కాబట్టి ఆ ఊరు కొంచెం తెలుసు. బావగారు చెప్పింది తప్పు కాదు, గ్వాంగ్‌జౌ సొంత భాష క్యాంటనీసే. కాని ఊరు ఎవరిదని కాదు, కౌంటర్‌కి అవతల కూర్చునేది ఎవరని చూడాలి. ఫెయిర్‌లో స్టాళ్లు దేశం మొత్తం నుంచి వస్తాయి, జెజియాంగ్ వాళ్లుంటారు, జియాంగ్సు వాళ్లుంటారు, వాళ్లెవరికీ క్యాంటనీసు రాదు. గుజెన్‌లో ఓనరు లోకల్ అయినా సేల్స్‌లో ఉండే అమ్మాయి ఏ హునాన్ నుంచో సిచువాన్ నుంచో పనికి వచ్చి ఉంటాది, ఆ అమ్మాయి తన ఓనరుతోనే మాండరిన్ మాట్లాడతాది, మీరు క్యాంటనీసులో అడిగితే మీ మొహమూ చూస్తాది, ఓనరు మొహమూ చూస్తాది. పక్కన షెన్‌జెన్ అయితే ఇంకా చెప్పక్కర్లేదు, ఊరు నిండా వలస వచ్చినవాళ్లే. లోకల్ గ్వాంగ్‌జౌ వాళ్లకి కూడా బడిలో చదువంతా మాండరిన్‌లోనే కాబట్టి ముసలాళ్లని వదిలేస్తే అందరికీ వచ్చు. హాంకాంగ్‌లో మీకు ఎలాగూ ఇంగ్లిష్ నడుస్తాది, అక్కడ అది అధికార భాష కూడా.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, మన తెలుగు నోటికి మాండరిన్ సులువు. క్యాంటనీసులో ఒకటి అంటే యత్, ఆరు లుక్, పది సప్. ఆ చివరి త్, క్, ప్ దగ్గర గాలి బయటికి రాకుండా టక్కున ఆపీయాలి. మనం బస్‌ని బస్సు, లైట్‌ని లైటు చేసినవాళ్లం, యత్తు లుక్కు సప్పు అనే అంటాం, రాసి పెట్టుకోండి. మాండరిన్‌లో ఆ బాధ లేదు, మాట ఇంచుమించు ఎప్పుడూ అచ్చుతోనో, న్‌తోనో, ంగ్‌తోనో అయిపోతాది. అలాగే పిన్‌యిన్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి ఉంది, 1958 నుంచి వాళ్ల బళ్లలో అదే. అందులో బి రాసి ఉంటే మన ప, పి రాసి ఉంటే ప కింద ఒత్తు. జి అంటే క, కె అంటే ఖ. ఇంగ్లిష్ వాళ్లు ఈ ఒత్తుల దగ్గర నానా తిప్పలు పడతారు, మనకి ఒకటో క్లాసులోనే క ఖ గ ఘ దిద్దించీసారు. మన వైపు ఒత్తులు ఎవరు పలుకుతారండీ అంటారేమో, పలక్కపోయినా ఎక్కడ పెట్టాలో తెలుసు కదా, చాలు.

టోన్లు మాత్రం తప్పవు, అంటే గొంతు ఎత్తుదింపులు, వాటిని బట్టి అర్థం మారిపోతాది. మాండరిన్‌లో నాలుగు, క్యాంటనీసులో ఆరు. మాండరిన్ ఒకటో టోను గేటు దగ్గర రైలు కూత లాగ ఒకే ఎత్తులో లాగాలి. రెండోది మనం ఏటీ? అని అడిగితే గొంతు పైకి లేస్తాది చూడండి, అది. మూడోది నూతిలోకి దిగి మాట్లాడినట్టు. నాలుగోది కుక్కని ఛో అని అదిలించినట్టు. ఇది ఎందుకు చెప్తన్నానంటే మీ వ్యాపారానికి కావాల్సిన మాటే ఇందులో ఉంది. మై అని నూతిలోంచి అంటే కొనడం, మై అని అదిలిస్తే అమ్మడం. నేను మొదటి నెల్లో హాస్టల్ కింద పళ్ల కొట్టుకెళ్లి, ఆపిల్స్ కొంటాను అనబోయి అమ్ముతాను అన్నాను, ఆ ముసలావిడ నా చేతిసంచీ లాక్కుని లోపల ఏమున్నాయా అని చూసింది. ఖాళీ సంచీ.

లాంతర్ల_షాపు:
సంచీ దగ్గర నవ్వు ఆగట్లేదు. డాక్టరమ్మా చాలా థ్యాంక్స్. మరి రాత సంగతేంటి, రాత కూడా వేరే వేరేనా? అది కూడా నేర్చుకోవాలంటే నా వల్ల కాదు. ఇంకోటి, మా బావ శనివారం నీచు ముట్టడు, మిగతా రోజుల్లో కూడా బీఫ్, పోర్క్ తినడు, అది ఎలాగ చెప్పాలి?

కళింగపట్నం_ఓడ:
బాబూ నాను ఓడ మీద ఇరవై ఏళ్లు, అందులో ఆరేళ్లు హాంకాంగ్‌లోనే ఉన్నాను. డాక్టరమ్మ చెప్పింది ఫ్యాక్టరీ గేటు వరకే కరెక్టు. మనుషుల సంగతి వేరు. గ్వాంగ్‌జౌలో పాత బజారు సందుల్లోకి వెళ్లు, యాభై దాటిన ఓనర్లుంటారు, వాళ్లతో మాండరిన్‌లో నీ హావ్ (నమస్కారం) అంటే వాళ్లూ నీ హావ్ అంటారు, అంతే. అదే క్యాంటనీసులో నెయ్ హో అను, కుర్చీ లాగి టీ పోస్తాడు. మనూరికి ఎవడో తెల్లోడు వచ్చి హిందీలో మాట్లాడితే ఎలగుంటాది, అదే ఏటి మావా బాగున్నావా అంటే ఎలగుంటాది, అలగన్నమాట.

టీ పోసినప్పుడు నోటితో ఏటీ అనక్కర్లేదు, రెండు వేళ్లు టేబుల్ మీద టక్ టక్ కొట్టు, థ్యాంక్స్ అని అర్థం. ఇది వాళ్ల దగ్గర పాత అలవాటు. ఇంక ఒకే ఒక్క మాట నేర్చుకో, మ్ గోయ్. జరగండి బాబూ అన్నా అదే, వెయిటర్ని పిలవాలన్నా అదే, థ్యాంక్సూ అదే. ఎవరైనా వస్తువేదైనా గిఫ్టు ఇస్తే మాత్రం దో చే అనాలి, అప్పుడు మ్ గోయ్ అంటే బాగోదు. ఈ తేడా పరాయోడు పాటిస్తే వాళ్లు పొంగిపోతారు.

ఒక జాగర్త. రెండు భాషలూ కలిపీసి నేర్చుకోకండి మీ బావా నువ్వూ. మాండరిన్‌లో యీ అంటే ఒకటి, క్యాంటనీసులో యీ అంటే రెండు! నాను షాంఘై పోర్టులో ఒక బీరు తెమ్మంటే యత్ అనాలో యీ అనాలో తెలీక వేలు చూపించీవోణ్ణి. ఇంకా క్యాంటనీసులో తొమ్మిదీ కుక్కా ఒకటే మాట, గావ్. టోను కూడా ఒకటే. రేటు అడిగితే కుక్క అన్నాడేటి అని కంగారు పడీకు.

ఫోనుందిగా:
మావా మీరు చెప్పినదాన్ని బట్టి క్యాంటనీస్ టీ తాగడానికి, మాండరిన్ కొనడానికి. నాదింకా యాపే.

టెక్కలి_రాయి:
నేను రెండూ కాదంటాను, తిట్టకండి. మాది టెక్కలి, గ్రానైటు. మా నీలం రాయి బ్లాకులు చైనా వెళ్తాయి, ఎక్కువ ఫుజియాన్ వైపు, షియామెన్ పోర్టుకి. ఏటా అక్కడ రాళ్ల ఎగ్జిబిషన్ కూడా జరుగుద్ది, నేను రెండుసార్లు వెళ్లాను. అక్కడ వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది హొక్కియెన్, అది మాండరినూ కాదు, క్యాంటనీసూ కాదు. పక్కన మాండరిన్ వచ్చిన కుర్రాడుంటే వాడికి కూడా ఒక్క ముక్క అర్థం కాదు. మనకి రేటు చెప్పేటప్పుడు మాత్రం మాండరిన్‌కి మారతారు. అంటే డాక్టరమ్మ చెప్పిందే, ఎక్కడికెళ్లినా బయటోడితో మాట్లాడే భాష మాండరిన్. వాళ్లలో వాళ్లు రేటు అనుకునేది మనకి ఎలాగూ తెలీదు, ఆ ఆశ వదిలీసుకోవాలి.

నేను చెప్పేది ఏటంటే మూడు నెలలూ అంకెల మీదే కూర్చో, వేరే ఏదీ ముట్టుకోకు. ఎందుకో చెప్తాను. పుస్తకంలో నాలుగు అంటే స్స్ లాగ ఉంటాది, పది అంటే ష్ర్ లాగ ఉంటాది, తేడా తెలిసిపోద్ది అనుకుంటాం. చైనా దక్షిణాది వాళ్లు చాలామంది ష పలకరు, స అనీస్తారు. అప్పుడు నాలుగూ స్స్, పదీ స్స్, తేడా అంతా టోనులోనే. ఒకసారి కొనేవాళ్ల మనిషి మా క్వారీకి వచ్చాడు, ఎండలో టోపీ పెట్టుకుని బ్లాకు బ్లాకుకీ నీళ్లు పోయించి చూసుకుని చివర్న స్స్ అన్నాడు. నేను నాలుగు బ్లాకులకి ఎర్ర పెయింటు వేయించీసాను. సాయంత్రం ఆయన టీ తాగి వచ్చి చూసి మిగతా ఆరు ఏవీ అన్నట్టు చేతులు తిప్పుతన్నాడు. పది అట. అప్పటి నుంచి నోటితో వినడం మానీసి చెయ్యి చూస్తాను.

అదే చెప్పొచ్చేది, చేతి గుర్తులు నేర్చుకోండి. వాళ్లు ఒక్క చేత్తో పది వరకు లెక్కపెడతారు. అయిదు వరకు మనలాగే. ఆరు అంటే బొటనవేలు, చిటికెన వేలు చాపి మిగతావి ముడవాలి, మనం ఫోన్ చెయ్యి అని సైగ చేస్తామే అది. ఎనిమిది అంటే బొటనవేలు, చూపుడువేలు, తుపాకీ లాగ. తొమ్మిది అంటే చూపుడువేలు కొక్కెంలా వంచాలి. పదికి కొందరు పిడికిలి చూపిస్తారు, కొందరు రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెడతారు. కొత్తగా వెళ్లినోడికి ఎనిమిది చూపిస్తే రెండు అనుకుంటాడు, జాగ్రత్త. క్యాలిక్యులేటర్ ఎలాగూ ఇస్తారు గాని చెయ్యి చూడటం అలవాటైతే పక్క స్టాల్లో ఎవడికి ఎంత చెప్తన్నాడో దూరం నుంచే తెలుస్తాది, ఇది నా సొంత సీక్రెట్టు.

ఇంకోటి, వాళ్లు వెయ్యి తరవాత పదివేలకి ఒక మాట వాడతారు, వాన్ అని. పది వాన్‌లు అంటే మన లక్ష. లక్షల్లో లెక్కపెట్టే మనకి ఇది అమెరికా వాళ్ల మిలియన్ కంటే నయం. యువాన్ అని ఎవడూ అనడు, క్వాయ్ అంటారు, మూడు క్వాయ్ ఐదు అంటే మూడున్నర. తగ్గించమనడానికి ఫ్యెన్‌యీ యీ తియెన్, డాక్టరమ్మ చెప్పినట్టు మొదటిది ఒత్తు ప, ఆఖరుది ఒత్తు లేని త.

వీసా సంగతి కూడా చూసుకోండి, భాష గొడవలో ఇది మర్చిపోతారు. హాంకాంగ్‌లోకి అడుగు పెడితే చైనా నుంచి బయటికొచ్చినట్టే లెక్క. సింగిల్ ఎంట్రీ తీసుకుని మళ్లీ గ్వాంగ్‌జౌ వెళ్లి ఫ్లయిటు ఎక్కుదాం అనుకుంటే బోర్డర్‌లో ఆపీస్తారు. అయితే హాంకాంగ్ నుంచే తిరుగు టికెట్ తీసుకోండి, లేదా డబుల్ ఎంట్రీ అడగండి. హాంకాంగ్‌కి మన పాస్‌పోర్టు వాళ్లకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు గాని ముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ కాగితం ప్రింటు తీసుకెళ్లాలి, 2017 నుంచి ఉంది ఈ రూలు. ఎల్ఈడీ బల్బులు తెచ్చేటట్టయితే బీఐఎస్ (మన ప్రభుత్వ నాణ్యత రిజిస్ట్రేషన్) ఉన్న ఫ్యాక్టరీయా కాదా అన్నది మొదట అడుగు, రేటు తర్వాత.

చీపురుపల్లి_డాక్టరమ్మ:
వాన్ సంగతి బాగా చెప్పారు టెక్కలి గారూ, మేము ఫీజులు అలాగే లెక్కేసుకునేవాళ్లం. ఓడ బాబాయి గారితో నాకు పేచీ లేదు, మ్ గోయ్ ఒక్కటీ బావగారికి ఇచ్చీయండి, ఆయన హాంకాంగ్‌లో వాడుకుంటారు.

అన్నయ్యా రాత సంగతి. ఇచ్ఛాపురం బస్టాండులో బస్సు మీద 5 అని ఉందనుకోండి, మనం అయిదు అని చదువుతాం, పక్కన ఒడియా ఆయన పాంచొ అని చదువుతాడు, అంకె ఒకటే. వాళ్ల అక్షరాలన్నీ అలాంటివే. అక్షరం ఒకటి, బీజింగ్ వాడు ఒకలాగ చదువుతాడు, గ్వాంగ్‌జౌ వాడు ఇంకోలాగ చదువుతాడు. కాబట్టి కాగితం మీద రాసి చూపిస్తే రెండు చోట్లా నడుస్తాది. క్యాంటనీసులో మాట్లాడేది ఉన్నదున్నట్టు రాస్తే మాత్రం వేరే అక్షరాలు కొన్ని వస్తాయి, అది వాళ్లు చాటింగ్‌లో రాసుకునే రకం, మీకు పనిలేదు. ఒక తేడా ఉంది, చైనాలో తేలిక చేసిన అక్షరాలు, హాంకాంగ్‌లో పాత గీతలెక్కువ ఉన్న అక్షరాలు. మీరు చదవడానికి కూర్చోకండి. అంకెలు, లోపలికి, బయటికి, మగ, ఆడ, ఈ అక్షరాలు గుర్తు పడితే చాలు. మగా ఆడా తప్పనిసరి, బొమ్మ లేని టాయిలెట్లు ఉంటాయి.

తిండికి, వో ఛ్ర్ సూ అంటే శాకాహారం తింటాను అని. కాని నమ్మకండి. వంకాయ కూర తెస్తారు, పైకి వంకాయే, కింద పంది కైమా ఉంటాది, అడిగితే ఇది కూరగాయే కదా అంటారు. అందుకని సూతోపాటు బూ యావ్ రో అని కూడా అనాలి, మాంసం వద్దు అని. అక్కడ ఉత్తినే మాంసం అంటే పందే, ఆవుది అయితే ముందు న్యూ చేరుస్తారు, న్యూ రో అని. శనివారం పూట పళ్లూ, మీరు పట్టుకెళ్లే అటుకులూ. మా అమ్మ నాకు ప్రతిసారి సంచీడు అటుకులూ గోంగూర పచ్చడీ కట్టేది, ఎయిర్‌పోర్టులో ఆ డబ్బా తెరిపించి వాసన చూసి వాళ్లే మూత పెట్టీసేవాళ్లు.

వీచాట్ (వాళ్ల చాటింగ్ యాప్) ఒకటి. మన దగ్గర 2020లో బ్యాన్ అయిపోయింది, అక్కడ మాత్రం విజిటింగ్ కార్డు బదులు అదే అడుగుతారు. ఫెయిర్‌కి వచ్చే ఎక్స్‌పోర్టు వాళ్ల దగ్గర ఈమెయిల్ ఉంటాది, వాట్సాప్ కూడా చాలామంది వాడతారు, అది రాయించుకోండి. డబ్బులకి అలీపేలో (అక్కడి పేమెంటు యాప్) మన కార్డు ఇక్కడే ఎక్కించుకుని వెళ్లండి.

కళింగపట్నం_ఓడ:
డాక్టరమ్మా గోంగూర డబ్బా నాకూ జరిగింది, మాది ఎండు నెత్తళ్లు. వాళ్లు వాసన చూసి నవ్వి ఎక్కడ కొన్నావని అడిగారు.

లాంతర్ల_షాపు:
పదిహేను రోజులైంది, రిపోర్టు ఇస్తన్నాను. మాండరిన్ నాకు, మ్ గోయ్, దో చే, టేబుల్ మీద వేళ్లు కొట్టడం బావకి, అలాగ పంచుకున్నాం. బావ ఇప్పుడు మా ఇంట్లో అక్క కాఫీ ఇచ్చినా టేబుల్ కొడతన్నాడు, అక్క రెండుసార్లు ఊరుకుంది, మూడోసారి గ్లాసు వెనక్కి తీసుకుంది. వీసా డబుల్ ఎంట్రీ అడగట్లేదు, టెక్కలి అన్న చెప్పినట్టు హాంకాంగ్ నుంచే తిరుగు టికెట్ చూస్తన్నాం.

మా పాప ఆరో క్లాసు, నా టోన్లు అదే దిద్దుతంది. ఫోన్‌లో ఆడియో పెట్టి నన్ను అనమంటాది, నేను అన్నాక మళ్లీ ఆడియో పెట్టి, నాన్నా నువ్వు అన్నీ అదిలిస్తన్నావ్ అంటాది. షాపులో రోజంతా కుర్రాళ్ల మీద అరిచి అరిచి నాలుగో టోను ఒకటే మిగిలినట్టుంది.

నిన్న సాయంత్రం షాపులో పని చేసే గుంటడికి కూడా అంకెలు నేర్పి టెస్టు పెట్టాను. గోడౌన్ లోంచి తొమ్మిది వాట్ బల్బులు నాలుగు పట్రారా అని మాండరిన్‌లో చెప్పాను. పది తెచ్చాడు.

టెక్కలి_రాయి:
చెయ్యి చూపించావా?

లాంతర్ల_షాపు:
లేదన్నా, రెండు చేతుల్లోనూ కస్టమర్ ఫ్యాను ఉంది.